జాక్లీన్ ఇంట్లో సిమ్హా

అర్మాన్‌తో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, నోట్లోంచి మాట ఊడిపడదు. పెళ్ళి పందిరి కింద కూడా చెప్పాల్సిన నాలుగు ముక్కలకు బదులు తల ఊపి సరిపెట్టబోతే, తల్లి డొక్కలో పొడిచి పలికించిందట. అలాంటివాడికి పదిమందినీ పిలిచే పని అప్పజెప్పింది అతని అక్క జాక్లీనే. ఆ సంగతి మాత్రం ఆవిడ ఎక్కడా చెప్పదు.

మంగళవారం పొద్దున జాక్లీన్ అనుకున్నది చాలా చిన్న కార్యక్రమం. తల్లి పోయి ఏడాది. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ప్రార్థన, తర్వాత అమ్మ గురించి తాను రాసిన నాలుగు పేజీలు చదవడం, ఆరింటికల్లా గిన్నెలు కడిగేయడం. భయమల్లా ఒక్కటే. యూదుల ఆచారం ప్రకారం ప్రార్థనకు పదిమంది మగవాళ్ళుండాలి. ముప్పయ్యో రోజున ఎనిమిదిమందే వచ్చారు. ఇజ్రాయెల్‌లోని ఈ దిమోనా ఊళ్ళో ముప్పై ఏడేళ్ళు ఒకటో తరగతి పిల్లలచేత అక్షరాలు దిద్దించిన మనిషికి పదిమంది కరువయ్యారు. ఇవాళ కూడా అంతే అయితే, ఊరు అమ్మను మరిచిపోయినట్టే.

అందుకే తమ్ముణ్ణి పిలిచి మెట్ల దగ్గర బోర్డు మీద, ఫోన్ గ్రూపులో కబురు పెట్టమంది. పెట్టాడు. "ఇవాళ నాలుగింటికి జాక్లీన్ ఇంట్లో సిమ్హా. అందరూ రండి."

సిమ్హా అంటే వాళ్ళమ్మ పేరు. హీబ్రూలో సిమ్హా అంటే సంబరం కూడా. పెళ్ళి కుదిరినా, బిడ్డ పుట్టినా 'మా ఇంట్లో సిమ్హా' అనే అంటారు. జాక్లీన్ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళ కూతురుంది, పేరు ఓస్నాత్, ఆస్పత్రిలో నర్సు, పెళ్ళి కాలేదు. నాలుగంతస్తుల జనానికి ఇంతకంటే వివరం అక్కర్లేకపోయింది.

కింది వాటా ఫ్రెహా మెట్ల మీదే జాక్లీన్‌ను కావలించుకుంది.

"ఇన్నాళ్ళకు కుదిరిందన్నమాట."

అమ్మ సమాధి రాయి కోసం ఏడాదంతా తిరిగిన జాక్లీన్, అడుగుతున్నది దాని గురించే అనుకుంది. "కుదిరింది వదినా. ఎంతమందిని చూశామనీ."

"మనిషెవరు?"

"పక్క ఊరు యెరూహామ్‌లో ఉంటాడు, ప్రోస్పర్ అని. సమాధి రాళ్ళు చెక్కుతాడు."

"వయసు?"

"అరవై మూడు. అయితేనేం, చెయ్యి వణకదు. సాయంత్రం వస్తాడుగా, నువ్వే చూద్దువుగాని."

ఫ్రెహా మెట్టు మీద చతికిలబడింది. "మరి ఓస్నాత్ ఏమంది?"

"అదేమంటుంది? అమ్మమ్మ కోసమే కదా అంది."

మధ్యాహ్నానికల్లా ఆ ముసలి వరుడు నాలుగో అంతస్తు దాటి ఆస్పత్రికి చేరాడు. తోటి నర్సు ఒకామె ఓస్నాత్ చేతులు పట్టుకుని ఏడ్చింది. పెద్ద నర్సు పక్కకు పిలిచి, ఇంట్లో ఎవరైనా బలవంతపెడుతున్నారా అని మెల్లగా అడిగింది. ఓస్నాత్ కంగారుగా తల్లికి ఫోన్ చేస్తే, శనగలు రుబ్బుతున్న మిక్సీ మోతలో జాక్లీన్‌కు ఒక్క ముక్కా వినిపించలేదు. తెల్ల గౌను వేసుకుని నాలుగింటికల్లా రమ్మని చెప్పి పెట్టేసింది.

నాలుగింటికి తలుపు తీసిన జాక్లీన్ మగవాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక మానేసి కళ్ళు తుడుచుకుంది. అందరి చేతుల్లో మిఠాయి పళ్ళేలెందుకున్నాయో ఆలోచించే స్థితిలో లేదు. అప్పుడే ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రోస్పర్ మెట్లెక్కి వచ్చాడు. ఎంత ముసలివాడైనా వరుణ్ణి ఊరికే గుమ్మం దాటనివ్వడం మర్యాద కాదనుకుంది ఫ్రెహా. నాలుక ఆడించి మంగళధ్వని చేసింది. ఎవరో డప్పు అందుకున్నారు. పైనుంచి చాక్లెట్లు కురిశాయి. బట్టతల మీద పడ్డ ఒకదాన్ని చేత్తో తీసి ప్రోస్పర్ అడిగాడు.

"ప్రార్థన ఇక్కడేనా?"

డప్పు ఆగింది. అంతా అర్మాన్ వైపు తిరిగారు.

"సిమ్హా అంటే అమ్మ," అన్నాడు అర్మాన్.

డప్పు కర్టెన్ వెనక్కి జారింది. అప్పుడే వచ్చిన ఓస్నాత్, తాను ఎవరెవరిని పెళ్ళి చేసుకోబోవడం లేదో ఒక్కొక్క అంతస్తుకూ విడివిడిగా వివరించింది. జాక్లీన్ మాత్రం ఇక అందరూ జారుకుంటారని తలుపు వైపే చూస్తూ నిలబడింది. ఒక్కరూ కదల్లేదు. సిమ్హా టీచర్ కోసమని ముందే చెప్పి ఉంటే పళ్ళేలు ఇంకా పెద్దవి తెచ్చేవాళ్ళమని ఫ్రెహా గొణిగింది. ముప్పయ్యో రోజు సంగతి తమకెవరూ చెప్పనేలేదని కొందరు నిష్ఠూరమాడారు. ఆ కబురు పెట్టిందీ అర్మానే. ప్రార్థన అందుకున్న గొంతులకు కిటికీ అద్దాలు అదిరాయి.

తర్వాత జాక్లీన్ పేజీలు తీసింది. "మా అమ్మ చాలా గంభీరమైన మనిషి. ఆటపాటలంటే ఆవిడకు గిట్టేవి కావు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ప్రోస్పర్ దగ్గాడు.

"ఏమనుకోకు చెల్లెమ్మా. ఎవరి గురించి చదువుతున్నావు?"

చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే చదివాడతను. ఒక్క అక్షరమూ బుర్రకెక్కేది కాదట. ఒకరోజు టీచర్ చెప్పులు విడిచి బల్ల ఎక్కి, మెడ సాచి, చెయ్యి పైకెత్తి, ఇదిగో, పొడుగు మెడ అక్షరం లామెద్ ఇదే అంటూ గిర్రున తిరిగిందట. ఆ ఏడాది అక్షరాలన్నీ బల్ల మీదే ఆడి చూపించింది.

"ఇప్పటికీ రాయి మీద లామెద్ చెక్కుతుంటే నాకు ఆవిడ మెడే కనిపిస్తుంది," అన్నాడు.

ఫ్రెహా లేచి మెడ సాచి చెయ్యెత్తింది. ఆమె వెనక పోస్టాఫీసు గుమాస్తా, అతని వెనక మూడో అంతస్తు మొగుడూ పెళ్ళాం. చూస్తుండగానే గది నిండా నెరిసిన జుట్టు లామెద్‌లు నిలబడ్డాయి. సొంత కూతురని ఆ తల్లి జాక్లీన్‌ను పక్క తరగతిలో వేయించింది. సాయంత్రాలు అలిసిపోయి, మాటల్లేకుండా ఇల్లు చేరే మనిషినే జాక్లీన్ ఎరుగును.

జాక్లీన్ మొదటి పేజీ మెల్లగా మడిచింది.

"తప్పు రాశాను," అంది అందరికీ వినిపించేలా.

"మిగతావి?" అన్నాడు అర్మాన్.

"అవీ తప్పే."