ఎడమ వలయంలో ఖాళీ చోటు

ఓరెస్ట్ కొవాల్ ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఇంటి ముందు దారిలో సగం మంచు ఎత్తిపోసి, పార పట్టుకునే కూలిపోయాడు. కెనడా దేశపు హిమధవళ సస్కాచెవాన్ మైదానమధ్యమున, ధాన్యాగారశిఖరశోభితమైన పోప్లర్ బెండ్ పట్టణమందు ఆనాడు ఒక గుండె ఆగెను. దానితోపాటు బ్యాడ్జర్ల మంచు హాకీ జట్టు పవర్ ప్లేయు ఆగెను.

పవర్ ప్లే యనగా, తప్పు చేసిన ప్రత్యర్థివీరుడొకడు రెండు నిమిషాలు శిక్షాపేటికలో కూర్చొనగా, మన ఐదుగురు వారి నలుగురిపై విరుచుకుపడు మహదవకాశము. అట్టి వేళ, గోలు ముందు మంచుపై గీసిన రెండు వలయములలో ఎడమ వలయమున నిలిచి గోలుపై కొట్టువాడు ఓరెస్ట్. అతడు పోగా, తమ్ముడును దళపతియునైన మైరన్, ఆ చోట ఎవని స్కేటును మోపరాదని శాసించెను. మిగుల ఉదాత్తమైన శాసనము. ఐదుగురు నలుగురైరి.

లీగులో పూటకొక జట్టు గనుక ఈ ఔదార్యము ఎవరికంటా పడలేదు. ప్లేఆఫ్స్ అను తుదిపోరులలోనన్నచో ఒకే జట్టుతో మరల మరల పోరు గదా. కెస్ట్రల్ లేక్ యోధులు రెండవ మ్యాచికే ఎడమవైపు కాపలా మాని, కుడివైపున తీరికగా గుమిగూడిరి. కోచ్ వాల్ట్ మంచును నిందించెను, రిఫరీని నిందించెను, ప్లేఆఫ్స్ ముగియువరకు గీయరాని గడ్డములలో ఒకటి రహస్యముగా కత్తిరింపబడెనని కూడ శంకించెను.

నిర్ణాయక సమరాంతమున, ఒక గోలు వెనుకబడి, పవర్ ప్లే లభించియు, శ్మశ్రువిరాజితులైన మన వీరులు పక్ అను నల్లబిళ్ళను విందులో చివరి ముక్కవలె ఒకరికొకరు మర్యాదగా అందించుకొనుచుండిరేగాని ఎవడును కొట్టడయ్యె. వాల్ట్ విరామము కోరెను. అంతట బెంచి వెనుక క్యాంటీన్‌లో పెరోగీ కుడుములు వేయించుచున్న ఓరెస్ట్ భార్య డార్లీన్, గరిటెహస్తయై వచ్చెను.

"మైరన్, ఆ చోటు ఎవరికోసం అట్టిపెట్టావ్?"

"అన్న కోసం వదినా."

"మీ అన్న నాలుగు కొడితే మూడు నా క్యాంటీన్ అద్దానికే తగిలేవి. ఆయన నిలబడ్డ చోటేమీ చర్చి కాదయ్యా. పోయి నిలబడు."

గడ్డములన్నియు నేలచూపులు చూచెను. మైరన్ ఎడమ వలయమును ప్రవేశించి, కఱ్ఱను గాండీవమువలె ఎత్తి, కొట్టెను. పక్ గోల్‌కీపర్ కాలిప్యాడుకు తగిలి, అచటనే చతికిలపడెను.

గోలు కాలేదు, మ్యాచి పోయెను. ఐనను ఆ సిరీస్ మొత్తమున మన పవర్ ప్లే గోలును తాకబోయినది అదొక్కసారే! పోప్లర్ బెండ్ జనులు సామ్రాజ్యమును జయించినట్లు కారు హారన్‌లు మ్రోగించుచు ఇండ్లకు చేరిరి. శత్రువు కాలిప్యాడుపై నల్లమచ్చ చిరస్థాయియై వెలయుగాక!

మర్నాడు అందరూ గడ్డాలు గీసుకున్నారు. మైరన్ పార తీసుకుని వదిన ఇంటికి వెళ్ళాడు. డార్లీన్ గుమ్మంలోనే ఆపి, టీ ఇచ్చి పంపేసింది.

ఆ దారిలో మిగతా సగం మంచు ఇంకా ఎవరూ ఎత్తలేదు.