మేకలగుట్ట దీవి

ఆ రోజు పొద్దున ముత్తెన్న అనుకున్న పని చాలా చిన్నది. తెల్లవారకముందే బాన్సువాడ నుంచి బండి కట్టుకుని నిజాంసాగర్ పోవాలి. పట్నం నుంచి వచ్చి కట్ట మీద గుడారాలు వేయించుకున్న పెద్ద సాహెబు చేతిలో దర్ఖాస్తు పెట్టాలి. కాలువకు నీళ్ళు వదలమని అడగాలి. మాపటికి ఇల్లు చేరాలి. అంతే. మడిలో యాసంగి నారు ముదిరి కొసలు పసుపు తిరుగుతోంది. దున్ని పెట్టిన నాలుగెకరాలూ నెర్రెలు విచ్చాయి. ఇంకో అయిదు రోజులు దాటితే ఆ నారును పసులకు కోసి వేయడమే.

"సాగర్ల నిండ నీళ్ళున్నయి గదా, ఎందుకిడుస్తలేరు?" అని గంగమణి రొట్టెలు మూట కడుతూ అడిగింది.

"గదే అడగనికి పోతున్న."

"మర్యాదగ అడుగు. నీ మొకం చూస్తె కొట్లాటకొచ్చినట్టుంటది."

ముత్తెన్న, బడిపంతులు సాంబమూర్తి తెలుగులో రాసిచ్చిన దర్ఖాస్తును నలగకుండా తలపాగా మడతలో పెట్టుకుని బండెక్కాడు.

కట్ట దగ్గర అతనికి మొదట ఎదురైనవాడు సాహెబు కాదు, హరనాథబాబు. ఈయన ఆరేళ్ళ కింద గోదావరి వైపు నుంచి వచ్చి, కాలువ కింద ముప్పై ఎకరాలు కొని చెరుకు పెట్టాడు. అధికారి ఏది అడిగినా "లేదు" అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. అందుకే సాహెబు గుడారంలో ఆయనకు కుర్చీ ఉంది.

"దర్ఖాస్తు తలపాగాలోనే ఉంచవయ్యా. ఇప్పుడు తీశావంటే కొంప మునుగుతుంది," అన్నాడు హరనాథబాబు. "తూములు దించి నీళ్ళు ఆపి పన్నెండు రోజులైంది. ఎందుకో తెలుసా? పడవ కోసం."

"పడవేంది బాబూ?"

హరనాథబాబు చెప్పాడు. సాహెబు పేరు రాయ్ త్రయంబక్‌లాల్. తూముల మీద అధికారం ఆయనది. ఆ మధ్య ఆయన ఒక ఇంగ్లీషు పత్రికలో బొమ్మలు చూశాడు. దొరలు తెరచాప పడవెక్కి ఎక్కడో సముద్రం నడుమనున్న దీవులకు పోతారట. అక్కడ జంతువులను చూస్తారట, నీళ్ళ కింది పగడాల దిబ్బలు చూస్తారట, దీవి మనుషుల ఆటపాటలు చూసి పుస్తకంలో రాసుకుంటారట. సాహెబుకు సముద్రం దూరం, సాగర్ దగ్గర. బొంబాయిలో ఒక పాత తెరచాప పడవ కొని, రైలు మీదా ఎడ్ల బండ్ల మీదా తెప్పించాడు. నీళ్ళు నిండుగా ఉంటేనే పడవ అందంగా తేలుతుంది కాబట్టి తూములు దింపించాడు.

"మరి పోయి రావచ్చు గదా. పన్నెండు దినాలు ఏం చేస్తుండు?"

"అదేనయ్యా చిక్కు. జంతువులంటే మొసళ్ళున్నాయి, కొంగలున్నాయి. దీవి అంటే మేకలగుట్ట ఉంది. పగడాల దిబ్బ కూడా ఉందని చెప్పాను."

"ఉన్నదా?"

"నీళ్ళ కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు? ఇక మనుషులే తక్కువ. దీవిలో దీవి మనుషులు లేకపోతే కదలనంటున్నాడు. ఉన్నారండీ అనేశాను."

ముత్తెన్న సాగర్ వైపు చూశాడు. కట్ట అంచుదాకా నీళ్ళు. అంత నీటి పక్కన నిలబడి తన నారును తలుచుకున్నాడు.

"పడవ తిరిగొచ్చినంక తూములెత్తుతరా?"

"ఆ మాట నాకు చెప్పాడు."

"అయితే మనుషుల్ని నేను తెస్త," అన్నాడు ముత్తెన్న.

మర్నాడు పొద్దెక్కేసరికి మేకలగుట్ట మీద పదిమంది జనాభా తయారైంది. అందరూ కాలువ కొసన నీళ్ళందని రైతులే. చేపలు పట్టే ధర్మా తన పుట్టిలో ముగ్గురేసి చొప్పున తెచ్చి దించాడు. పుట్టి అంటే వెదురుబుట్టకు బర్రెతోలు కప్పిన గుండ్రటి పడవ. తిన్నగా పోవడం దానికి తెలియదు, తిరుగుతూ పోతుంది. అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది ముత్తెన్న పెద్దమ్మ సాయవ్వ. ఆమెది రాళ్ళకుర్తి. మేకలగుట్ట ఆ ఊరివాళ్ళు మేకలను తోలే గుట్ట. కట్ట లేచాక రాళ్ళకుర్తి మునిగింది, గుట్ట కొస మిగిలింది. అప్పటినుంచి ఆమె ముత్తెన్న ఇంట్లో ఉంటోంది.

హరనాథబాబు మోదుగాకుల మోపు తెచ్చాడు. "ఇవి నడుముకు కట్టుకోండి. దీవుల్లో అలాగే ఉంటారు."

"మోదుగాకులు ఇస్తరి కుట్టుకోనికి, బాబూ," అంది సాయవ్వ. "ముందుగాల నీ ఇంట్ల ఆడోళ్ళకు కట్టిపిచ్చి చూడు. బాగుంటె మేం కట్టుకుంటం."

బేరం కుదిరేసరికి ఆడవాళ్ళ చీరలు ఆడవాళ్ళకే మిగిలాయి. మగవాళ్ళ తలపాగాల్లో నెమలీకలు గుచ్చి, ముఖాలకు సున్నపు చుక్కలు పెట్టారు. ముత్తెన్న చేలో దిష్టిబొమ్మలాగా తయారయ్యాడు.

"ఇంకో సంగతి. ఎవరూ తెలుగు మాట్లాడకండి," అన్నాడు హరనాథబాబు.

"మరేం మాట్లాడాలె?"

హరనాథబాబు చేతిలోని ఆకుల మోపు అవతల పడేశాడు. "సరే, తెలుగే మాట్లాడండి. సాహెబు ఇరవై ఏళ్ళుగా ఈ జిల్లాల్లోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఆయనకు తెలియదు."

తెల్ల తెరచాపతో పడవ వచ్చింది. సాహెబు పొట్టి లాగూ వేసుకుని, మెడలో దుర్భిణి వేలాడేసుకుని దిగాడు. వెనక గొడుగుతో దొరసాని, బిస్కట్ల బుట్ట. దారిలో బండ మీద ఎండకు పడుకున్న రెండు మొసళ్ళను చూశాడట, చాలా సంతోషంగా ఉన్నాడు. ఆడవాళ్ళు చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరిగారు. మగవాళ్ళు కట్టెలు తాటించారు. సాహెబు పుస్తకంలో గబగబా రాసుకున్నాడు.

"వీళ్ళు ఎన్నాళ్ళుగా ఇక్కడ ఉంటున్నారో అడగండి," అన్నాడు ఉర్దూలో.

హరనాథబాబు అడిగాడు. సాయవ్వ నీళ్ళ వైపు చెయ్యి చాపింది. "ఏడు తరాల సంది. మా ఇల్లు గా నీళ్ళ కింద ఉన్నది. మా అత్తమామలను గాడనే పెట్టినం."

"వీళ్ళ పూర్వీకులు నీళ్ళ కింద ఉంటారట, హుజూర్. వాళ్ళకే మొక్కుతారట."

"అద్భుతం!" అని సాహెబు రాసుకున్నాడు. "వీళ్ళకేం కావాలో అడగండి."

"తూములెత్తుమను. నారు ఎండుతున్నది," అంది సాయవ్వ.

"మీ పడవ కలకాలం ఇలాగే తేలుతూ ఉండాలని దీవిస్తోంది, హుజూర్."

అంగళ్ళలో బెల్లం అమ్మి ఉర్దూ పట్టుబడ్డ ముత్తెన్న నోరు తెరిచాడు. హరనాథబాబు అతని కాలు తొక్కాడు.

తిరుగు ప్రయాణానికి పడవెక్కాక సాహెబుకు ఒకటి గుర్తొచ్చింది. "పగడాల దిబ్బ ఏదీ?"

హరనాథబాబు చుక్కాని పట్టుకుని నాలుగు దిక్కులూ చూశాడు. మూడు వైపులా వచ్చేటప్పుడు చూసిన నీళ్ళే. "అదిగో హుజూర్," అని నాలుగో వైపు తిప్పాడు.

గట్టున నిలబడ్డ సాయవ్వ అరిచింది. "ఓ బాబూ! గా దిక్కు పోకు! గాడ మా దొడ్డిగోడ ఉన్నది!"

"ముసలామె ఏమంటోంది?"

"వీడ్కోలు చెబుతోంది హుజూర్."

గర్రుమని పడవ ఆగింది. "పగడాల దిబ్బ!" అని సాహెబు చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డాడు. అడుగు పలక పగిలి నీళ్ళు బూట్లలోకి వచ్చాక చప్పట్లు ఆపాడు.

సాయవ్వ చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. మోకాలు దాటని నీళ్ళలో, తన మొగుడు కట్టించిన గోడ మీద, పెరట్లో నడిచినంత తీరుగా నడిచి పడవ దగ్గరికి వచ్చింది.

"కొంగు పట్టుకో దొరా. నేను అడుగేసిన కాడనే వెయ్యి. ఎడమ దిక్కు పోకు, బాయి ఉన్నది."

భాష తెలియకపోయినా సాహెబు ప్రతి మాటా పాటించాడు. అయినా సగం దారిలో ఒకసారి జారి నడుముదాకా తడిశాడు. జేబులోని పుస్తకం ముద్దయింది. ఆయన వెనక దొరసాని, ఆమె వెనక నెత్తిన బిస్కట్ల బుట్టతో హరనాథబాబు గట్టెక్కారు.

ధర్మా పుట్టి తెచ్చి నిలిపాడు. సాహెబు దాన్ని చూశాడు. ఆ తర్వాత దుర్భిణిలో మొసళ్ళను చూశాడు. పొద్దుటి కంటే అవి పొడుగ్గా కనిపించాయి.

"నేను బుట్టలో పోవాలా?" అన్నాడు.

దొరసాని బిస్కట్ల బుట్ట తీసుకుని పుట్టిలో కూర్చుంది. "పద," అన్నట్టు ధర్మాకు సైగ చేసింది. పుట్టి తిరుగుతూ దూరమవుతుంటే ఆమె ముఖం, వీపు, మళ్ళీ ముఖం కనిపించాయి. ఏ ముఖంలోనూ మొగుడి మీద జాలి లేదు.

పుట్టి తిరిగి వచ్చేలోగా సాహెబు గుట్ట మీద అటూ ఇటూ తిరిగి ఒక నిర్ణయానికి వచ్చాడు. నీళ్ళు తన చేతి కిందివి. తాను నీళ్ళ మీద పోవడమెందుకు, నీళ్ళనే పొమ్మంటే సరి. నేల తేలాక నడిచి పోవచ్చు.

"కాగితం!" అన్నాడు.

హరనాథబాబు జేబులు తడుముకున్నాడు. ముత్తెన్న మెల్లగా తలపాగా విప్పి, మడత తీసి, పొడి కాగితం ఒకటి చాపాడు. సాహెబు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ రాత ఏమిటి?"

హరనాథబాబు అందుకున్నాడు. "దీవి వాళ్ళ మంత్రం, హుజూర్. మంచి జరగడానికి తలలో పెట్టుకుంటారు."

సాహెబు వెనక వైపు పెన్సిలుతో రాశాడు: 'తూములన్నీ వెంటనే ఎత్తండి. నేను చెప్పేదాకా దించవద్దు.' కింద సంతకం, తారీఖు. ధర్మా దాన్ని నోట కరుచుకుని తెడ్డు వేశాడు.

కట్ట మీద ఉద్యోగి సంతకం చూసి కళ్ళకద్దుకున్నాడు. ఎందుకని అడిగే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. కాసేపటికి మేకలగుట్టదాకా హోరు వినిపించింది. ముత్తెన్న కింద కూలబడి సున్నపు చుక్కలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఏడుస్తున్నవా?" అంది సాయవ్వ.

"సున్నం కంట్ల పడ్డది, పెద్దమ్మా."

సాహెబు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి నీళ్ళు వేలి మందం దిగాయి. సాయవ్వ తన జొన్నరొట్టెలో సగం తుంచి ఉల్లిగడ్డతో ఇచ్చింది. ఆయన అది తిని, మిగతా సగం వైపు చూశాడు. పొద్దు వాలేసరికి రెండు వేళ్ళు దిగాయి.

"నేల ఎప్పటికి తేలుతుంది?"

హరనాథబాబు మొదటిసారి నిజం చెప్పాడు. "ఎండాకాలానికి, హుజూర్."

సాహెబు లేచి, ఎవరి వైపూ చూడకుండా పుట్టిలో కూర్చున్నాడు. ధర్మా తెడ్డు వేస్తూ ఆయనకు ఊరు చూపించాడు. "ఇది బజారు, దొరా. గీడ కుడిదిక్కు తిప్పాలె, లేకుంటె కుమ్మరోళ్ళ ఇల్లు తగుల్తది. ఇగ ఇది బడి." సాహెబు గట్టిగా కళ్ళు మూసుకుని ఆరు వీధులు గుండ్రంగా తిరుగుతూ దాటాడు.

మర్నాడు కచేరీ కాగితాలు చూసే పేష్కారు ఫైలు పట్టుకుని వచ్చాడు. "హుజూర్, తూములు దింపించమంటారా? దింపాలంటే నిన్న ఎందుకెత్తామో ముందు రాయాలి."

సాహెబు కలం పట్టుకున్నాడు. బుట్ట, ముసలామె కొంగు, ఉల్లిగడ్డ గుర్తొచ్చాయి. కలం కింద పెట్టి, ఒకరోజు గడువు అడిగాడు. మరో రెండు రోజులు అలాగే అడిగాడు. నాలుగో రోజుకు ముత్తెన్న నాట్లు పూర్తయ్యాయి.

అయిదో రోజు పేష్కారే ఆ కాగితాన్ని తిప్పి చూశాడు. ఆయనకు తెలుగు వచ్చు. కాలువ కొస రైతుల దర్ఖాస్తు ఒక వైపు, దాని వెనకే సాహెబు హుకుం, తారీఖుతో సహా. ఫైలులో అంత పద్ధతిగా ఉన్న కాగితం ఆయన సర్వీసులోనే చూడలేదు. నీళ్ళ మధ్య పర్యటిస్తూ కూడా రైతు మొర విని అక్కడికక్కడే హుకుం ఇచ్చిన అధికారి అని పై నుంచి మెప్పు వచ్చింది, తూములు దించే మాట ఎగిరిపోయింది. హరనాథబాబు సన్మానసభ పెట్టించాడు. సాహెబు మెడలో దండ వేసింది ముత్తెన్నే. ముఖం కడుక్కుని ఉన్నాడు కాబట్టి సాహెబు అతన్ని గుర్తుపట్టలేదు.

ఎండాకాలంలో నీళ్ళు దిగి, తెల్ల తెరచాప పడవ సాయవ్వ దొడ్డిగోడ మీద బయటపడింది. దాన్ని తీసుకుపొమ్మని ఎవరికీ హుకుం లేదు.

మరుసటి యాసంగికి నారు పోసిన రోజే ముత్తెన్న ఆ పడవకు కొత్త పలక వేయించి, తారు పూసి, వెనక వైపు ఖాళీగా ఉంచిన కొత్త దర్ఖాస్తును తలపాగా మడతలో పెట్టుకుని, మేకలగుట్ట దీవి వాళ్ళు దొరవారి కోసం ఎదురుచూస్తున్నారని పట్నానికి జాబు రాయించాడు.