రేపల్లె వెళ్ళిన ఉసిరిచెట్టు

ఆదివారం పొద్దున్నే తెనాలిలో రైలెక్కాలి. బాపట్లలో దిగి, సూర్యలంక వెళ్ళి, సముద్రస్నానం చేసి, ఉసిరిచెట్టు కింద వనభోజనం కానిచ్చి, దీపాలు పెట్టేవేళకు ఇంటికి చేరుకోవాలి. ఇదీ బసవేశ్వరరావు వేసుకున్న పథకం. ఇందులో ఉన్న చిక్కల్లా ఒక్కటే. సూర్యలంకలో కనుచూపుమేరా సరుగుడు చెట్లున్నాయి గాని, మచ్చుకు ఒక్క ఉసిరిచెట్టు లేదు. అందుకని చెట్టును కూడా వెంటబెట్టుకు వెళ్ళాలని ఆయన నిశ్చయించాడు.

"కొమ్మొకటి తీసుకెళ్ళి ఇసకలో గుచ్చితే చాలదటండీ? అందరూ చేసేది అదేగా," అంది ఆయన భార్య జయలక్ష్మి.

వసారాలో ఒత్తులు చేసుకుంటున్న అత్తగారు సీతారావమ్మ చెవిన ఆ మాట పడనే పడింది. "విరిచిన కొమ్మని చెట్టంటారుటే? రేపు నా చెయ్యొకటి విరిచి పీటమీద పెట్టి, అత్తగారికి అన్నం వడ్డించానంటావా?"

జయలక్ష్మి వంటింట్లోకి నడిచింది. జవాబు ఉన్నా పైకి చెప్పేది కాదు.

సీతారావమ్మ పట్టుదలకు కారణం లేకపోలేదు. రెండేళ్ళపాటు ఆమె మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేదు. "స్వామీ, కాళ్ళు ఆడితే కార్తీకంలో సముద్రస్నానం చేసి, ఉసిరి మొదట్లో కూచుని నాలుగు మెతుకులు తింటాను" అని దామోదరుడికి మొక్కుకుంది. ఆయన విన్నాడు. కాళ్ళు ఆడుతున్నాయి. ఇక మాట నిలబెట్టుకోవలసింది ఆమె. ఏర్పాట్లు చెయ్యవలసింది కొడుకు.

బసవేశ్వరరావుకు తెనాలిలో ఎరువుల కొట్టుంది. తెలిసిన నర్సరీ అతన్ని అడిగి, నడుమెత్తు ఉసిరిమొక్కను నూనెడబ్బాలో పెట్టించి తెచ్చాడు. ఆదివారం తెల్లవారకుండానే సీతారావమ్మ దానికి నీళ్ళుపోసి, బొట్టుపెట్టి, పసుపుదారం చుట్టి, ఆ చెట్టు దగ్గర తప్ప ఇంకెక్కడా అన్నం ముట్టనని సంకల్పం చెప్పుకుంది. కాఫీ కూడా వద్దంది. బసవేశ్వరరావు భక్తిలో ఎవరికీ తీసిపోడు. అయినా దేవుడికి ఇన్ని షరతులు ఎవరు నేర్పారా అని ఆయనకు అప్పుడప్పుడూ సందేహం వస్తూ ఉంటుంది. బహుశా మనమే నేర్పి ఉంటామనుకుని, డబ్బా భుజాన పెట్టుకున్నాడు.

జయలక్ష్మి అన్నగారు సుందరయ్య, భోజనాల క్యారియర్లతో సహా స్టేషన్లోనే కలిశాడు. ఎదుటివాణ్ణి ఎగతాళి చెయ్యడం, వేళకు తినడం ఆయనకు రెండు కళ్ళు.

కార్తీకంలో ఆదివారం రైల్లో సీటంటే మాటలు కాదు. ఆ రోజుల్లో దానికొక పద్ధతుండేది. రైలు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు విసిరినవాడిది. ఈ చట్టాన్ని రైల్వేవారు ఎక్కడా రాసిపెట్టలేదు గాని, తెనాలిలో దాన్ని మీరినవాడు లేడు. అయితే తువ్వాలైతే ఎవడో మొండివాడు పక్కకు జరపవచ్చు. పసుపూ కుంకుమా ఉన్న ఉసిరిచెట్టును జరిపే ధైర్యం ఎవడికుంటుంది? ఈ ఆలోచన తట్టేసరికి బసవేశ్వరరావుకు తన తెలివిమీద తనకే గౌరవం కలిగింది.

"మీరు ఇక్కడే ఉండండి. నేను సీట్లు పట్టి వస్తా," అని, అప్పుడే వచ్చి ఆగుతున్న రైలువైపు పరుగెత్తాడు.

అదృష్టం బాగుండి ఎక్కిన పెట్టెలోనే ఎదురెదురు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఇంకా అదృష్టం, కిటికీ పక్కన తమ పక్కింటి మహబూబ్ సుభాని కూర్చుని ఉన్నాడు. పరుపులు కుట్టే మనిషి; మాట ఇచ్చాడంటే కుట్టు వేసినంత గట్టిగా ఉంటుంది.

"రావుగారా! ఈ చెట్టేంటండీ?"

"వనభోజనాలకి. అమ్మావాళ్ళు వస్తున్నారు. ఈ సీట్లు ఎవ్వరికీ ఇవ్వకు సుభానీ. చెట్టు జాగ్రత్త!"

"మీరు నిశ్చింతగా వెళ్ళి పెద్దమ్మని తీసుకురండి. నేనున్నాగా."

సుభాని ఎక్కడికి వెళుతున్నాడో అడగాలని బసవేశ్వరరావుకు తోచలేదు. రైలు ఎక్కడికి వెళుతోందో అడగాలని అసలే తోచలేదు.

ఆయన తిరిగి వచ్చేసరికి తనవాళ్ళు ఉన్నచోట లేరు. పక్క ప్లాట్‌ఫారం మీద మరో రైలు ఆగి ఉంది. దాని తలుపు దగ్గర సుందరయ్య, సీతారావమ్మను పైకెక్కిస్తూ కేకలు పెడుతున్నాడు. "బావా! అటెక్కడికి పోయావ్? బండి ఇటొస్తే! పట్టు, పెద్దావిడ కాలు పట్టు!" వెనకనుంచి జనం తోశారు. ముందునుంచి జయలక్ష్మి లాగింది. ఆయనకు ఊపిరి తిరిగేసరికి రైలు కదిలింది.

"చెట్టేదండీ?" అంది జయలక్ష్మి.

"సీటుమీద పెట్టా."

"ఏ సీటుమీద?"

బసవేశ్వరరావు తలుపులోంచి తల బయటపెట్టాడు. అవతలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె పాసింజరు కూడా కదులుతోంది. ఒక కిటికీలో ఉసిరికొమ్మలు ఊగుతున్నాయి. పక్కన సుభాని చెయ్యి బయటపెట్టి, ఖాళీ సీట్లు చూపిస్తూ, త్వరగా రమ్మని కంగారుగా పిలుస్తున్నాడు.

"చెట్టుకు విడిగా బండి మాట్లాడావా బావా? ఎంతైనా మర్యాద తెలిసినవాడివి," అన్నాడు సుందరయ్య.

చుండూరు దాటేసరికి అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బాపట్లలో కొమ్మ కొనుక్కుందామన్నాడు సుందరయ్య. ఎవరి పెరట్లోనైనా చెట్టుంటే అడుగుదామంది జయలక్ష్మి. సీతారావమ్మ మాత్రం కిటికీలోంచి చేలవైపు చూస్తూ నిమ్మళంగా, "నేను సంకల్పం చెప్పుకున్న చెట్టు వేరు. అది వస్తే తింటాను, లేకపోతే లేదు. నాకోసం ఆగకండి, మీరు తినండి," అంది.

మీరు తినండి అని అత్తగారు అన్నంత మాత్రాన తిన్న కోడలు ఆ చుట్టుపక్కల ఇంతవరకు పుట్టలేదు. కోడలు తినకపోతే ఆమె అన్నగారూ తినకూడదు. ఈ సంగతి అర్థమయ్యేసరికి సుందరయ్య ఎగతాళి చెయ్యడం మానేశాడు.

దారి చూపింది బసవేశ్వరరావు కూతురు సాయిసుధ. "నాన్నా, సుభానీ మావయ్య రేపల్లెలో సానియా వాళ్ళింటికే వెళ్ళుంటాడు. కూతురికి కొత్తబట్టలు ఇచ్చి రావాలని నిన్న అంటున్నాడు. వాళ్ళాయనకి ఫోన్ బూత్ ఉందిగా, నంబరు నాకు తెలుసు." బాపట్లలో దిగగానే ఎదురుగా కనిపించిన ఎస్టీడీ బూతులో దూరారు. మొదటిసారి చేస్తే ఇంకా రాలేదన్నారు. రెండోసారీ అదే మాట. మూడోసారికి సుభానీయే దొరికాడు.

"ఏమైపోయారండీ రావుగారూ! మీ సీట్లు రేపల్లెదాకా కాపాడుకొచ్చాను. వేమూరులో ఒకాయన కొట్టేంత పని చేశాడు. వాళ్ళు వస్తున్నారండీ అంటే, ఎవరొచ్చేది, ఈ చెట్టు చుట్టాలా అన్నాడు."

బసవేశ్వరరావు సంగతంతా చెప్పాడు. తల్లి పొద్దుటినుంచి ఏమీ తినలేదని కూడా చెప్పాడు.

"పెద్దమ్మ పస్తుందా? అయితే ఇంకేం చెప్పకండి. బస్సెక్కుతున్నా," అని ఫోన్ పెట్టేశాడు.

సూర్యలంకలో స్నానాలైతే దివ్యంగా జరిగాయి. సీతారావమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేసి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి బసవేశ్వరరావుకు కళ్ళు చెమర్చాయి. తల్లి తడిచీర ఆరింది. ఎండ నడినెత్తికి వచ్చింది. సరుగుడు నీడలో వరసగా పెట్టిన క్యారియర్ల చుట్టూ సుందరయ్య ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు.

"పులిహోర పాడైపోయిందేమో, ఒకసారి వాసన చూస్తానమ్మా."

"మూత తియ్యకు అన్నయ్యా!"

"ముక్కుతో తిన్నా వ్రతభంగమేనా?"

ఎండ వాలుతుండగా ఆటో చప్పుడైంది. అందరూ లేచారు. అయితే వచ్చింది ఒక్క ఆటో కాదు, నాలుగు. మొదటి ఆటోలోంచి మహబూబ్ సుభాని చెట్టుతో దిగాడు. చెట్టు మొదలంతా పసుపు ముద్దయి ఉంది. కొమ్మకొమ్మకూ దారం, పైన చేమంతిదండ. పెళ్ళికూతురిని అత్తవారింటికి దింపడానికి వచ్చిన మేనమామలా ఉన్నాడు సుభాని. మిగతా ఆటోల్లోంచి ఆడవాళ్ళు తమ క్యారియర్లతో బిలబిలా దిగారు.

"నేనేం చెయ్యనండీ," అన్నాడు సుభాని. "బస్సులో కండక్టరు చెట్టుకు టిక్కెట్టు తియ్యమన్నాడు. ఇదిగో, ఈ సుబ్బరత్నమ్మగారు లేచి, కార్తీకంలో ఉసిరికి టిక్కెట్టా, కళ్ళు పోతాయి అన్నారు. పాపం అతను చెప్పులు విప్పి, దాన్ని తన సీట్లోనే కూచోబెట్టాడు. అక్కణ్ణించి మొదలు, ఎక్కినావిడల్లా పసుపు రాయడమే. నాకూ రాయబోతే కిటికీవైపు తిరిగి కూచున్నా. వీళ్ళంతా సముద్రానికేనట. చెట్టు ఎటు పోతే మేమూ అటే అన్నారు."

"మరి మాకూ చెట్టు లేదుగా!" అంది సుబ్బరత్నమ్మ, అదేదో తిరుగులేని హక్కులా.

చెట్టును ఇసుకలో నిలబెట్టారు. సీతారావమ్మ దీపం పెట్టి, ప్రదక్షిణ చేసి, దాని మొదట్లో కూర్చుంది. జయలక్ష్మి విస్తరి వేసి వడ్డించింది. సుందరయ్య అడక్కుండానే రెండో విస్తరి ముందు బాసింపట్టు వేసుకున్నాడు. వడ్డన ముగించి జయలక్ష్మి ఒక కొబ్బరిబోండాం కొట్టించి సుభానికి అందించింది.

"వద్దమ్మా, రోజా," అన్నాడు సుభాని మెల్లగా, ఎవరికీ వినిపించకూడదన్నట్టు.

ఆ ఏడు కార్తీకమూ రంజానూ కలిసి ఒకే నెలలో పడ్డాయి. ఆ సంగతి బసవేశ్వరరావుకు తెలియక కాదు. పక్కింట్లోంచి తెల్లవారుజామున గిన్నెల చప్పుడు రోజూ వింటూనే ఉన్నాడు. చెట్టు ధ్యాసలో మరిచిపోయాడు. ఆ మనిషి మంచినీళ్ళైనా ముట్టకుండా, నూనెడబ్బా ఒళ్ళో పెట్టుకుని, రేపల్లె వెళ్ళి బాపట్ల వచ్చాడు.

సీతారావమ్మ ముద్ద కలపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెద్దమ్మా, మీరు తినండి. నాకు అలవాటే," అన్నాడు సుభాని గాబరాగా.

"చాల్లే. నా మొక్కుకోసం పస్తుతో చెట్టు మోసుకొచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి నేను అన్నం తింటే, ఆ దామోదరుడు హర్షిస్తాడా? ఇవాళ నేనూ నక్తమే. పొద్దు వాలి చుక్క పొడిచాక నీతోనే తింటా. ఇప్పుడు బస్సెక్కినా నువ్వు వేళకి ఇల్లు చేరవు. కూచో."

"అత్తయ్యగారూ, చుక్క పొడవడానికి ఇంకా చాలా పొద్దుంది," అన్నాడు సుందరయ్య, విస్తరివైపు చూస్తూ.

"మీకేంటి నాయనా, మీరు తినండి," అంది సీతారావమ్మ.

మళ్ళీ అదే మాట! సుందరయ్య విస్తరి మడిచాడు. అవతల సుబ్బరత్నమ్మ బృందంలోనూ కలకలం రేగింది. చెట్టు ఆవిడది, ఆవిడ తినకుండా దాని దగ్గర తినడం మర్యాదా? తీసిన మూతలన్నీ తిరిగి పడ్డాయి. ఆ తోపులో సగం మంది, తాము మొక్కని మొక్కుకు, తాము పట్టని వ్రతానికి, ఆకలితో సముద్రం చూస్తూ కూర్చున్నారు. సుభాని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "అమ్మా, మీరు తినండమ్మా" అని బతిమాలాడు. అతను బతిమాలినకొద్దీ వాళ్ళ పట్టుదల పెరిగింది.

చెట్టుకు కాపలా సుందరయ్యకు అప్పగించి, మిగతావాళ్ళు ఒడ్డున నడవడానికి వెళ్ళారు. ఆయన కాసేపు చెట్టును చూశాడు. కాసేపు క్యారియర్లను చూశాడు. దూరంగా మిరపకాయ బజ్జీల బండి కనిపించింది. ఒక్క అంగలో వెళ్ళిరావచ్చనుకున్నాడు.

"పొయ్యి వెలిగించలేదండి," అన్నాడు బండి అతను. "పెద్దామె తినేదాకా బజ్జీలు వెయ్యద్దని ఆ ఆడవాళ్ళు చెప్పిపోయారు బాబాయ్."

సుందరయ్య వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి, చెట్టు దగ్గర పల్లెలోంచి వచ్చిన మేకొకటి నిలబడి ఉంది. ఆకుల్లేవు. చేమంతిదండ లేదు. డబ్బాలో ఒక పుల్ల, దాని చుట్టూ పసుపుదారం మాత్రం మిగిలాయి.

ఆయన పెట్టిన కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. బసవేశ్వరరావు మేకను తరిమాడు. సంకల్పం చెప్పుకున్న చెట్టు ఇది. ఇది చెట్టు కాదంటే తల్లి రేపూ తినదు, ఎల్లుండీ తినదు. ఆమె సంగతి ఆయనకు తెలుసు. సీతారావమ్మ వంగి, ఆ పుల్లను తడిమి చూసింది. మట్టిని నొక్కింది.

"వేరు పదిలంగా ఉందిగా. చిగురు పెడుతుంది," అంది. "పాపం, దానికీ ఆకలేసింది. సుభానీ, పొద్దు వాలిందా?"

సరుగుడు తోపు వెనక సూర్యుడు దిగిపోయాడు. సముద్రం మీద చుక్క పొడిచింది. సుభాని జేబులోంచి ఖర్జూరాల పొట్లం తీసి, ఒకటి తాను నోట వేసుకుని, మంచినీళ్ళు తాగాడు. సీతారావమ్మ మొదటి ముద్ద తింది. ఆ మరుక్షణం తోపంతా క్యారియర్ల మూతల చప్పుడు.

పొద్దున ఆకులున్న కొమ్మ చెట్టు కాదన్నావు గదా, ఇప్పుడు ఆకుల్లేని పుల్ల చెట్టెలా అయిందని తల్లిని అడగాలనుకున్నాడు బసవేశ్వరరావు. ఇంతలో పులిహోర వడ్డిస్తున్నారు. సందేహాన్ని వచ్చే కార్తీకానికి వాయిదా వేసుకున్నాడు.

మొత్తంమీద ఆ ఆదివారం సూర్యలంకలో పొద్దుండగా వనభోజనం చేసింది ఆ మేక ఒక్కటే.