నాకు ఇరవయ్యారేళ్ళొచ్చిన పదకొండు రోజులు

పడుచువాళ్ళు ఎక్కువ పన్ను కట్టడం, ముసలివాళ్ళం తక్కువ కట్టడం లోకకల్యాణం కోసమే! కాదన్నవాడికి కుర్రతనం ఇంకా వదల్లేదని అర్థం.

మీరే ఆలోచించండి. పాతికేళ్ళవాడి చేతిలో డబ్బు నిలుస్తుందా? సినిమాలు, షికార్లు, ఏడాదికో సెల్‌ఫోను! అందుకే ప్రభుత్వం దయతలచి, జీతం చేతికి రాకముందే కోసేస్తోంది. కన్నతల్లి కూడా ఇంత శ్రద్ధ తీసుకోదు. మరి నాలాంటివాడికి డబ్బెందుకంటారా? దాచుకోవడానికి. దాచడం ఒక విద్య, డెబ్బై దాటితేగాని అది పట్టుబడదు.

నా సంగతే చెబుతాను. పెన్షనుంది. మేడమీద రెండు వాటాలు అద్దెకిచ్చాను. బ్యాంకులో డిపాజిట్ల మీద వడ్డీ వస్తుంది. అంతా కలిపితే, నా దగ్గరే ఉంటున్న మనవరాలి జీతం కంటే కాస్త ఎక్కువే. ఆ పిల్ల రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. పొద్దస్తమానం మైక్రోస్కోపులోకి తొంగిచూస్తుంది, నెలాఖరుకి పన్ను కోయించుకుని ఇంటికొస్తుంది. నాకేమో పెద్దవయసు రాయితీ, పన్ను సున్న. ఇద్దరం ఒకే ఫ్యాను కింద కూర్చుని అన్నం తింటాం. తరాల మధ్య సామరస్యం అంటే ఇదే కదా!

దాని కళ్ళజోడుకి ఒకవైపు కాడ విరిగి రెండేళ్ళయింది. దారం కట్టుకుని నెట్టుకొస్తోంది. పవరు కూడా మారిందట. అడిగితే, "వచ్చే జీతంలో చూద్దాంలే తాతయ్యా" అంటుంది. చూశారా, పొదుపు ఎలా అబ్బిందో? పన్నే లేకపోతే ఈ సుగుణం ఎక్కణ్ణుంచి వచ్చేది?

ఆమధ్య సెలవునాడు ఆ దారం కళ్ళజోడుతోనే ఇద్దరి పన్ను రిటర్నులూ కంప్యూటర్లో నింపింది. ఆ పని నాకు రాదు, నేర్చుకోను కూడా. పెద్దలకి సేవచేసే భాగ్యం చిన్నవాళ్ళకి లేకుండా చెయ్యకూడదు. అయితే, ఆ మసక చూపులో నా పుట్టినతేదీ తన ఫారంలోకీ, తనది నా ఫారంలోకీ వెళ్ళిపోయాయి.

అలా దానికి డెబ్బైమూడేళ్ళొచ్చాయి. కట్టిన పన్నంతా చక్కగా వెనక్కొచ్చింది. ఎప్పుడో ఎక్కువ కోసి ఉంటారనుకుని, పిచ్చిపిల్ల, ఆ డబ్బుతో కొత్త కళ్ళజోడు కొనుక్కుంది.

నాకేమో ఇరవయ్యారేళ్ళూ, వాటి వెనకాలే ఓ నోటీసూ వచ్చాయి. అందులో కట్టమన్న అంకెలో సున్నాలు వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఆఘమేఘాల మీద పన్నుల ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్న పిల్లకి మా మనవరాలి ఈడే ఉంటుంది.

"నా నెత్తి చూడమ్మా, ఇది ఇరవయ్యారేళ్ళ నెత్తేనా?" అన్నాను.

"కాదు తాతగారూ. తేదీ దిద్దుకోవచ్చు. ఆదాయం కూడా తప్పు పడిందా?"

"అది సరిగ్గానే ఉంది."

"అంతే ఆదాయంతో మా ఈడువాళ్ళం కడుతూనే ఉన్నాం కదండీ. మీరెందుకు కట్టలేరు?"

ఒళ్ళు మండిపోయింది. ఇంటద్దెలు తినే పెద్దమనిషిని పట్టుకుని, రెక్కలు ముక్కలు చేసుకునే పిల్లలతో పోలుస్తుందా! ఈ కాలంవాళ్ళకి పెద్దా చిన్నా తేడా తెలియకుండా పోతోంది.

ఇంటికొచ్చి మనవరాలికి విషయం చెప్పి, వెంటనే సరిచెయ్యమన్నాను. అది కొత్త కళ్ళజోడులోంచి నావంక చూసింది.

"ఇప్పుడు అన్నీ బాగా కనబడుతున్నాయి తాతయ్యా" అంది. ఫారాల గురించే అయివుంటుంది.

తేదీలు దిద్దింది. వెనక్కొచ్చిన డబ్బు ఇప్పుడు వాయిదాల మీద జీతంలోంచి తిరిగి కడుతోంది. నా నోటీసు, వచ్చిన పదకొండో రోజున రద్దయింది.

పాఠకులారా, నేను ఆడినమాట తప్పేవాణ్ణి కాను. పన్ను పడుచుతనానికి వరమే. పదకొండు రోజులు అనుభవించి మరీ చెబుతున్నాను. అంతటి వరాన్ని ఈ వయసులో నేను ఉంచేసుకోవడం ధర్మం కాదనిపించి, మనవరాలిది మనవరాలికి తిరిగిచ్చేశాను.