వేదికనలంకరించిన చిరుత

ఒక పెద్ద అడవిలో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని కాలేజీ ఒకటి ఉండేది. తాయారు అనే తీతువు పిట్ట అందులో కాంట్రాక్టు లెక్చరర్. తీతువు అరుపు అపశకునమని పేరుపడింది కాబట్టి ఆవిడను ఎవరూ పర్మనెంటు చెయ్యలేదు. పాపం, ఆవిడ బతుకంతా ఆ ఒక్క ఆశ మీదే నడుస్తోంది.

ఆ ఏడాది దుప్పి పిల్లలు తెగ చిరుత వాత పడుతుండటంతో, ప్రిన్సిపాల్ గుర్నాథం అనే అడవిపందికి ఒక ఆలోచన వచ్చింది. ఆపద గురించి పరిశోధించి రాయడం, రాసింది నలుగురి ముందూ నిలబడి చెప్పడం పిల్లలకు నేర్పాలట. కోర్సు తయారుచేసి తెస్తే పర్మనెంటు చేస్తానని తాయారుకు మాటిచ్చాడు.

తాయారు కోర్సంతా ఒకే ఎండుటాకు మీద రాసి తెచ్చింది. చిరుత కనబడగానే అరవాలి. అంతే.

ముగ్గురు పెద్దల కమిటీ ఆ ఆకును అటూ ఇటూ తిప్పింది. ఉపోద్ఘాతం ఏదన్నాడు గుర్నాథం. ఇదివరకు చిరుతను చూసినవాళ్ళ అభిప్రాయాలు చేర్చందే కుదరదన్నాడు కృష్ణప్ప అనే పెద్ద కొమ్ముల కణుజు. దగ్గరగా చూసినవాళ్ళెవరూ బతికి లేరని తాయారు చెబితే, అయితే వాళ్ళ బంధువులనడగమన్నాడు. నెమలి కళాధర్‌ది ఒకటే పట్టు. ఏం చెప్పినా సరే, ముందు వేదిక మీది పెద్దలను హోదా ప్రకారం పేరుపేరునా పలకరించాలి.

"చిరుత అందాకా ఆగుతుందా సార్?" అంది తాయారు.

"సభామర్యాద తెలిసినదైతే ఆగుతుందమ్మా," అన్నాడు కళాధర్.

తాయారుకు ఒళ్ళు మండింది. అయినా ఉద్యోగం గుర్తొచ్చి అన్నీ చేర్చింది.

ప్రారంభోత్సవం నాడు చుక్కి అనే దుప్పి పిల్ల "చిరుత రాక: ఒక పరిశీలన" చదవడానికి లేచింది. సరిగ్గా అప్పుడే గడ్డిలోంచి చిరుత వచ్చింది. పై కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చాడనుకుని గుర్నాథం ఎదురెళ్ళి శాలువా కప్పి, వేదిక మీద కుర్చీ వేయించాడు. చిరుతకు పుట్టి బుద్ధెరిగాక అంత ఆదరణ దొరకలేదు. బుద్ధిగా కూర్చుంది.

ఆకాశంలోంచి చిరుతను ఎన్నోసార్లు చూసిన తాయారు దాన్ని ఇట్టే గుర్తుపట్టింది. చుక్కికి పారిపోవాలనే ఉంది, కానీ మార్కులు పోతాయని పలకరింపుల్లో చిరుతను కూడా చేర్చింది. చిరుత పెదవులు నాక్కుంటూ కుర్చీ అంచుకు జరిగింది. అరిస్తే ఉద్యోగం పోతుంది. అరవకపోతే పిల్ల పోతుంది.

తాయారు అరిచింది. ఉపోద్ఘాతం లేకుండా, అడవి అదిరేలా అరిచింది.

పిల్లలంతా ఒక్క ఉదుటున గట్టు దాటేశారు. పెద్దలు మాత్రం కుర్చీలు వదల్లేదు. అతిథి ముందు పరువు తీసిందని తాయారును అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ ఎదురుగా ఉన్న బండ మీద వాలి కళ్ళు తుడుచుకుంది. చుక్కి తప్పించుకుందన్న సంతోషం మాత్రం ఏడుపులోనూ ఆగలేదు.

మాట్లాడేవాళ్ళు లేక సభ వెలవెలబోయింది. తమరే నాలుగు ముక్కలు చెప్పాలని గుర్నాథం చిరుతను బతిమాలాడు.

చిరుత శాలువా సర్దుకుని లేచింది.

"వేదికనలంకరించిన గుర్నాథం గారికి, కృష్ణప్ప గారికి, కళాధర్ గారికి నమస్కారం."

అది కొవ్వును బట్టి పిలిచిన వరస. హోదా వరసా అదే కావడంతో కళాధర్ పొంగిపోయాడు.

"చూశారా, క్రమం ఎక్కడా తప్పలేదు."

తాయారు బండ మీంచి మళ్ళీ అరిచింది. అతిథి మాట్లాడుతుంటే ఏమిటా అపశకునమని ముగ్గురూ విసుక్కున్నారు. చిరుత ఆ క్రమం తప్పకుండానే భోజనం ముగించింది.

నీతి: పేరు చివర 'గారు' తగిలించి పిలవండి చాలు, పెద్దలు చిరుత నోట్లోకైనా హోదా ప్రకారం నడిచి వెళతారు.