మాల్యాద్రి సంతకం ఎవరిది?

ఎండిపోయిన బోరు మీది కరెంటును కొత్త బోరుకు మార్పించుకుని, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని మాల్యాద్రి రాచర్లలో తొలి ఆటో ఎక్కాడు. నీళ్లు లేక బత్తాయి చెట్లు ఆకు రాలుస్తున్నాయి. దరఖాస్తు మీద ఒక్క సంతకం గీకితే పనైపోతుందని అతని ధీమా.

కరెంటు ఆఫీసులో వాణి మేడం దరఖాస్తును పాత ఫైలు పక్కన పెట్టి చూసింది.

"సంతకం కలవలేదన్నా. మళ్లా పెట్టు."

పెట్టాడు. అది మొదటి సంతకంతో కూడా కలవలేదు. మూడోది ఆ రెండింటికీ దూరపు చుట్టంలా వచ్చింది. లాభం లేదని ఆధార్ కార్డు తీసి చూపించాడు.

"ఫొటో నీదే. సంతకమే నీది కాదు. అసలు మాల్యాద్రిని తోలుకరా పో."

యాభై ఏళ్లుగా తానే మాల్యాద్రి అనుకుంటున్న మనిషికి తల తిరిగిపోయింది. ఫైల్లోకి తొంగి చూశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద కొడవలిలా తిరిగిన గీత. చూడగానే గుర్తుపట్టి, బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"తొమ్మిదేళ్ల కింద కరెంటోళ్లు వచ్చినప్పుడు నా సంతకం నువ్వు పెట్టినావా?"

"నువ్వేమో గొర్రెలు తోలుకొని అడివికి పోయినావు. వాళ్లేమో ఇంటాయన సంతకం కావాలన్నారు. ఆడనే ఉండు, నేనొస్తా."

భాగ్యమ్మ వచ్చి, మొగుణ్ని మెట్ల మీద కూర్చోబెట్టి, పాత బిల్లు వెనక అతని సంతకం అతనికి నేర్పింది. పదహారోసారికి గీత తిరిగింది. ఆమె ఓపికకు దండం పెట్టాలి.

"ఇప్పుడు కలిసింది," అంది వాణి మేడం. "సాక్షి ఎవరు?"

ఆ సంబరంలో భాగ్యమ్మ పెన్ను అందుకొని తన పేరు రాసింది. అవే ముత్యాలు, కింద అదే కొడవలి.

మేడం ఆ సంతకాన్నీ ఫైలునూ మార్చి మార్చి చూసింది. బత్తాయిలు ఎలాగూ పోయాయి, ఇక కేసు కూడా తప్పదనుకున్నాడు మాల్యాద్రి.

"ఏందమ్మా ఇది?"

భాగ్యమ్మ తడబడలేదు. "ఫైల్లోది నేనే పెట్టినాను మేడం. పొలం మా నాయన నాకిచ్చినాడు. బోరేపిచ్చింది నేను, బిల్లు కట్టేది నేను. ఆ పేరొక్కటే ఆయనది. చేసింది తప్పే. చెట్లను మాత్రం ఎండబెట్టొద్దు."

వాణి మేడం ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, గౌరవమే ఉంది. దరఖాస్తు చింపేసి కొత్త ఫారం తీసింది.

"పొలం నీదైతే కరెంటు సర్వీసు కూడా నీ పేరు మీదికే మారుద్దాం. పాస్‌బుక్కు తెచ్చినావా అక్కా?"

తెచ్చింది. దర్జాగా సంతకం చేసింది. పక్కన సాక్షిగా మాల్యాద్రి, చేతికి వచ్చినట్లు గీకాడు.

సాక్షి సంతకం ఎలా ఉన్నా చెల్లుతుందట.