లాయరు కోటు లోపలి నాలుగు ముక్కలు

ఆ రోజు పొద్దున టైలరు రెండు పనులు పెట్టుకున్నాడు. లాయరుగారి నల్లకోటుకు లైనింగు వేయడం ఒకటి. బడి నుంచి రాగానే కూతురితో మాట్లాడటం రెండోది. మొదటిది గంట పని. రెండోదానికి నెల రోజులుగా సూదిలో దారమే ఎక్కలేదు.

కూతురికి పదకొండు నిండాయి. తల్లి లేని పిల్ల. కొత్త గౌనుకు కొలత తీస్తే ఏడాదిలో నాలుగు వేళ్ళు పెరిగింది. భుజాలు ముందుకు వంచుకుని, పుస్తకాల సంచి గుండెలకు అదుముకుని నడుస్తోంది. టేపు పట్టినవాడికి ఆ మాత్రం చాలు. చిన్నప్పుడు అతని అక్కకు ఎవరూ ఏమీ చెప్పలేదు. రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుని పూటంతా కట్టెల గదిలో దాక్కుంది. తన కూతురు ఆ గదిలోకి పోకూడదు.

"నువ్వు చెప్పక్కా," అని బతిమాలాడు.

"అమ్మో, నాకు సిగ్గురా."

"మరి నాకు?"

"నీకు నోరే లేదుగా, ఇక సిగ్గెక్కడిది?"

నిజమే. కొలతలు తప్ప టైలరు నోట మాట రాదు. ఏది చెప్పాలన్నా ముందు సుద్దతో గుడ్డ మీద రాసుకుంటాడు. ఆ రోజు చేతికి అందింది లాయరు కోటు. తిరగేసి లోపలివైపు రాశాడు:

"భయపడకు.
నీ ఒంట్లో మార్పు నేను గమనించాను.
రక్తం కనిపించినా చచ్చిపోవు.
సిగ్గుపడకుండా నాతో చెప్పు."

రాసి, పిల్లకు ప్యాడ్లు కొనడానికి మందుల షాపుకు వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే లాయరు ఇటు వచ్చాడు. "కోర్టుకి టైమైపోయింది. లైనింగు లేకపోతే ఎవడు చూస్తాడు, ఇటివ్వమ్మా!" కొట్లో ఉన్న అక్క మడతపెట్టి ఇచ్చేసింది.

కోర్టు వరండాలో ఉక్కపోసింది. లాయరు కోటు విప్పాడు. చదివాడు. బెంచీ మీద కూలబడ్డాడు.

ఆ టేపుకు పేరుంది మరి. మూడేళ్ళ కిందట టైలరే లాయరుగారి గుమాస్తా నడుము కొలిచి, "తగ్గారు, డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు. చూపిస్తే షుగరు తేలింది.

"చచ్చిపోవు అని ఎవరికి చెబుతారయ్యా? పోయేవాడికేగా!" అన్నాడు లాయరు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఇరవై ఏళ్ళుగా మిమ్మల్ని అండీ అనే మనిషి, నువ్వు అని రాశాడు సార్. ఇక మర్యాదలకి టైము లేదన్నమాట."

కేసు వాయిదా పడింది. ఆసుపత్రిలో రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. "మీ మిషన్ల కంటే ఆ టేపే నయం!" అని లాయరు అరిచాడు. కబురు వీధి దాటింది. కోటు ఉన్న ప్రతివాడూ లైనింగు విప్పి చూసుకున్నాడు. బేకరీ ఆయనకు "పొట్ట, జాగ్రత్త" అని దొరికింది. ఏడుస్తూ బయల్దేరాడు.

సాయంత్రం నాలుగింటికి అందరూ కొట్టు ముందున్నారు.

"ఇంకా ఎన్నాళ్ళో చెప్పేయ్!" అని లాయరు కోటు బల్ల మీద పరిచాడు.

టైలరు మొహం పాలిపోయింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. నిజం చెబితే పిల్ల పరువు పోతుంది. చెప్పకపోతే లాయరు ప్రాణం పోయేలా ఉంది.

"అది... మీకు కాదండీ. తప్పు నాదే."

"మరెవరికి?"

టైలరు కోటు మడవబోయాడు. కూతురే ముందుకొచ్చి కోటు చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇది నాకండీ," అంది. "పెద్దదాన్ని అవుతున్నానుగా. మా నాన్న నాకు రాశాడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆ భుజాలు నిటారుగా ఉన్నాయి. నవ్వే దమ్ము ఒక్కరికీ లేకపోయింది. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకుని మెల్లగా జారుకున్నాడు.

"బడిలో టీచరు పోయిన నెలే చెప్పారు నాన్నా. నీకెలా చెప్పాలో తెలీక..." అంటూ సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. నలిగి మెత్తబడిపోయింది. మొదటి మాట: "నాన్నా, భయపడకు."

టైలరు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "అడగాల్సినవి ఉన్నాయా?"

"చాలా."

"రా, కూర్చో."

ఆ పూట మిషను తిరగలేదు. కట్టెల గది సంగతి అక్క తనే వచ్చి కూర్చుని చెప్పింది.

లాయరు కోటు చంకన పెట్టుకుని వెళుతూ వెళుతూ ఆగాడు. "ఇంట్లో నాకూ ఇద్దరు ఆడపిల్లలు. లైనింగు రెండ్రోజులాగి వేద్దువుగాని."

మూడో రోజు కోటు తిరిగొచ్చింది. నాలుగు ముక్కల కింద అయిదోది లాయరు చేతిరాతలో ఉంది: "మిగతాది మీ అమ్మనడగండి."